గవ్వలమొగ దిబ్బ మీద దెబ్బల పద్దు

మార్గశిర బహుళ ఏకాదశి

వరస తప్పకుండా రాస్తాను.

పొద్దెక్కాక, పోటు నీళ్ళతో పాటే, పడవల మీద దోచుకు తినే తెడ్డు మూక వచ్చింది. మూడు పడవలు. మేం తూములు ఎత్తే పనిలో ఉన్నాం. ఈ దిబ్బ మీద మావి ముప్పై ఒక్క ఇళ్ళు; చుట్టూ ఉప్పు మడులు, ఆపైన సముద్రం. వాళ్ళు వచ్చింది ఉప్పు కోసం కాదు, మంచినీళ్ళ పీపాల కోసం. అడిగితే ఒకటి ఇచ్చేవాళ్ళం. అడగలేదు.

మనవాళ్ళు నలుగురు పోయారు. మూడోవాడు నా కొడుకు రంగనాయకులు. పీపాల పాకకి అడ్డంగా నిలబడ్డాడు. తలకి పచ్చగుడ్డ చుట్టుకున్న సన్నటి మనిషొకడు చేపల ఈటె వాడి పొట్టలో దించాడు. వెనక్కి రాకపోతే కాలు అదిమిపెట్టి లాగాడు. చేపల ఈటెకి ముళ్ళుంటాయి కనక, బయటికి వచ్చింది ఈటె ఒక్కటే కాదు. నా మనవరాలు ప్రసూన ఉప్పు లాగే పారతో ఇంకొకడి దవడ పగలగొట్టింది. వాడి పళ్ళు తరవాత మా మడిలో ఏరి పారేశాను. ఉప్పులో కలవకూడదు.

చిక్కటి ఉప్పునీళ్ళలో రక్తం కిందికి దిగదు. ఆ దవడ పగిలినవాడి రక్తం పైనే తేలుతూ నిలిచింది.

"ఆ పచ్చగుడ్డవాడి మొహం చూశాను నాయనమ్మా. ఎక్కడున్నా గుర్తుపడతాను," అంది ప్రసూన.

"ముందు మీ నాన్న కాళ్ళు పట్టుకో. నేనొక్కదాన్నే మొయ్యలేను," అన్నాను.

పుష్య శుద్ధ పంచమి

ఎగువ సర్కారు నుంచి కౌండిన్య అనే అధికారి వచ్చాడు. చిన్నవాడు, మర్యాదస్థుడు. చెప్పులు బయట విప్పి వచ్చాడు. కొండల మీద ఉన్న ఆ సర్కారు కింద చేరమని మమ్మల్ని అడగడం ఇది మూడోసారి. రెండుసార్లూ కాదన్నాం. ఈసారి అందరూ నోరు మూసుకుని విన్నారు.

షరతు ఒక్కటే. దిబ్బ చుట్టూ రాళ్ళు పాతుతారు. రాళ్ళ లోపల, మనిషి మీద మనిషి చెయ్యెత్తకూడదు. పైన డేగలు తిరుగుతాయి. అవి పక్షులు కావు, యంత్రాలు. ఎవరు ఎవరి మీద చెయ్యెత్తినా, దాని సూది దిగుతుంది. బయటివాడికీ అదే, లోపలివాడికీ అదే.

మాకు పోలీసూ కోర్టూ ఎప్పుడూ లేవు. మాది దెబ్బ న్యాయం. తప్పు చేసినవాడు అందరి ముందూ తనంతట తాను నడుం వంచాలి. నష్టపోయినవాడు పార కర్రతో ఒక్కటే దెబ్బ, వీపు మీద వెయ్యాలి. ఆ తరవాత ఆ మాట ఎవరూ ఎత్తకూడదు. ప్రాణం తీసినవాడికీ ఒకటే దెబ్బ. కాకపోతే అది ఎక్కడ వెయ్యాలో వేసేవాళ్ళ ఇష్టం. ఎవరికి ఎవరి దెబ్బ బాకీయో రాసిపెట్టే పని నాది. బడి పంతులమ్మగా ఉన్న రోజుల నుంచీ నాదే.

"ఇంట్లో మా ఆవిడ నా మీద చెయ్యెత్తినా డేగ వస్తుందాండీ?" అని బుల్లియ్య అడిగాడు.

"వస్తుందండీ," అన్నాడు కౌండిన్య.

"అయితే నా రెండు చేతుల సంతకాలూ తీసుకోండి."

అందరూ నవ్వారు. నాలుగు చావుల తరవాత అదే మొదటి నవ్వు. ప్రసూన నవ్వలేదు.

"మన చేతులు మనమే నరికిచ్చి, బాబ్బాబూ కాపాడండి అనడమేగా ఇది," అంది.

"నీ చేతిలో పార ఉండగానే మీ నాన్న పోయాడు," అన్నాను.

అది అనవలసిన మాటే. దానితో మిగిలినవాళ్ళు కూడా చేరాలనే తేల్చుకున్నారు. నేను ఇంకో షరతు కూడా రాయించాను: తాగి వీరంగం వేసేవాళ్ళని డేగ చంపేలోపు ఆపడానికి, ఇంటిపెద్ద సంతకం పెడితే ఆ మనిషికి చేతికట్టు వెయ్యాలని. మోచేతుల్లో మందు ఎక్కిస్తే చేతులు వేలాడతాయట. మంచి ఆలోచన అన్నాడు కౌండిన్య. నాకూ అలాగే అనిపించింది.

పుష్య బహుళ తదియ

మూక మళ్ళీ వచ్చింది. ఈసారి రెండు పడవలు. మేం గట్టు మీద నిలబడి చూశాం, అంతే.

మొదటివాడు రాయి దాటి బల్లెం ఎత్తాడు. డేగ కిందికి రానైనా రాలేదు. వాడి మెడ ముందు చిన్న బెజ్జం పడింది. వెనక పడింది చిన్నది కాదు. తరవాత పడవల్లో ఉన్నవాళ్ళు తెడ్లు ఎత్తారు, పారిపోవడానికే. పక్కన మనుషులుండగా ఎత్తిన తెడ్డు డేగకి దెబ్బలాగే కనిపించి ఉండాలి. పదకొండు మంది పోయారు. ఒకడు బురదలో పాక్కుంటూ వచ్చి, మమ్మల్ని చూసి రెండు చేతులూ జోడించబోయాడు. జోడించాలంటే ఎత్తాలి కదా.

పిల్లలు చప్పట్లు కొట్టారు. పెద్దవాళ్ళూ కొట్టారు. నేనూ కొట్టాను. పచ్చగుడ్డవాడు ఆ శవాల్లో లేడని ప్రసూన ఒక్కొక్కణ్ణీ వెల్లకిలా తిప్పి చూసి చెప్పింది.

ఈ మధ్యాహ్నం తలుపు తీసి ఉంచి కునుకు తీశాను. పెళ్ళై ఈ దిబ్బకి వచ్చాక ఎప్పుడూ అలా పడుకోలేదు.

మాఘ శుద్ధ విదియ

ఈరోజు మొదటి ఉప్పు పేరింది. ఏటా ఈ రోజునే పాత దెబ్బలు తీర్చుకుంటాం. ఈ ఏడు లేవని అందరికీ చెప్పాను. కౌండిన్యని ముందే అడిగాను కూడా: "ఒప్పుకుని వంగినవాణ్ణి కొట్టడం కొట్టడమేనా?"

"కొట్టడం కొట్టడమేనమ్మా. ఒప్పుకున్నాడో లేదో డేగకి ఎలా తెలుస్తుంది?"

ఆ మాట కూడా చెప్పాను. సోమేశు విన్నాడు, బుల్లియ్యా విన్నాడు. ఇద్దరూ చిన్నప్పటి నుంచీ ఒక కంచంలో తిన్నవాళ్ళు. నిరుడు బుల్లియ్య ఏమరుపాటున తూము ఎత్తేస్తే సోమేశు పంటంతా నీళ్ళపాలైంది. ఆ దెబ్బ బాకీ ఉంది. బాకీ ఉన్నన్నాళ్ళూ బుల్లియ్యకి సోమేశు ఇంట్లో అన్నం తినే హక్కు లేదు. వాడికి అదే దిగులు.

"ఒరే, ఎంతకాలం రా ఇది? ఒక్కటి తగిలించరా, పోతుంది. కోపంగా కొడితే తప్పు గాని, నవ్వుతూ కొడితే దానికేం తెలుస్తుంది?" అని బుల్లియ్య పాక పక్కన వంగాడు.

నేను అరిచాను. సోమేశు నవ్వుతూనే పార ఎత్తాడు. కొట్టలేదు; కర్ర భుజం దాటింది, అంతే. సూది చెవి పైన దిగింది. తలకాయ అటు సగం లేకుండా పోయింది. నవ్వు ఉన్న సగం మాత్రం మిగిలింది. వాడు వంగిన బుల్లియ్య వీపు మీదే పడ్డాడు. బుల్లియ్య దాన్ని దెబ్బే అనుకుని, "తీరిందిరా," అన్నాడు.

తరవాత వెనక్కి తిరిగి చూశాడు.

మాఘ పౌర్ణమి

తెడ్డు మూకలో మిగిలినవాళ్ళు సర్కారుకి లొంగిపోయారు. ఆరుగురు. పాతవన్నీ మాఫీ అట. వాళ్ళూ అదే ఒప్పందం మీద వేలిముద్రలు వేశారు. వాళ్ళకి మన మడుల్లో చోటిచ్చారు. మన చచ్చినవాళ్ళ మడులే ఖాళీగా ఉన్నాయి కనక అవే ఇచ్చారు.

నా కొడుకు మడి నూకరాజు అనేవాడికి వచ్చింది. సన్నటి మనిషి. తలకి గుడ్డ లేదు, తీసేశాడు. ప్రసూన ఇంట్లోకి వచ్చి, గోడకి ఆనుకుని కూర్చుంది.

"వాడే," అంది.

నేను కౌండిన్య దగ్గరికి వెళ్ళాను.

"నా కొడుకుని చంపినవాడికి నా కొడుకు మడి ఇచ్చారు మీరు."

ఆయన తల దించుకున్నాడు. "అమ్మా, వాళ్ళకి చోటివ్వకపోతే మళ్ళీ పడవలెక్కుతారు. ఎన్నాళ్ళు చంపుతాం? మీరు చదువుకున్నవారు. మీకు తెలియదా?"

తెలుసు. అదే నా ఇబ్బంది. ఆయన చోట నేనున్నా అలాగే చేసేదాన్ని.

మాఘ బహుళ చవితి

ప్రసూన పారకి కొత్త పిడి వేస్తోంది. ఈ వారం మడిలో దిగలేదు. తినే తిండి కూడా తగ్గింది.

"ఎందుకే ఆ పిడి?" అన్నాను.

"తెలిసే అడుగుతున్నావు."

"కర్ర భుజం దాటేలోపే నువ్వుండవు. సోమేశుని చూశావు కదా."

"సోమేశు బాబాయి నవ్వుతూ మెల్లగా ఎత్తాడు. నేను కిందినుంచి ఎత్తకుండా పొడుస్తాను. తరవాత సూది దిగితే దిగనీ. వాడికి ఒక్కటి పడితే చాలు నాకు."

"నాకు చాలదు."

"నీకెందుకు చాలుతుంది? నీకు తలుపు తీసుకుని పడుకోవాలి."

చెంప పగలగొట్టేదాన్ని. చెయ్యి లేవబోయింది కూడా. పైన గాలిలో ఆ రొద వినిపించి దించేసుకున్నాను. ప్రసూన అది చూసింది. చూసి నవ్వింది.

నాకు మిగిలింది ఇది ఒక్కతే. దీనికి ఇరవై రెండేళ్ళు. ఈ పిడి పని రేపటికి పూర్తవుతుంది. నేను సాయంత్రం లోపు కౌండిన్య దగ్గరికి వెళ్ళి సంతకం పెట్టాను. నేను రాయించిన షరతే కనక ఆయన ఏమీ అడగలేదు.

మాఘ బహుళ పంచమి

సర్కారు మనుషులు నలుగురు వచ్చారు. పొద్దున్నే, ప్రసూన మొహం కడుక్కుంటుండగా. దాని చేతులు వెనక్కి విరిచి నేల మీద బోర్లా పడుకోబెట్టారు. ఒకడి చేతిని కరిచింది. ఇంకొకడి మోకాలి మీద తన్నింది, చిటుక్కుమంది. అయినా డేగలు రాలేదు. పట్టుకోవడానికి వచ్చినవాళ్ళకి ఆ వేళ అనుమతి ఉంటుందట.

"నాయనమ్మా! వీళ్ళని చూడు! నాయనమ్మా!"

నేను దాని తల నా ఒళ్ళో పెట్టుకుని గట్టిగా పట్టుకున్నాను. సూది మోచేతిలో ఎముక దాకా దిగాలట, కదిలితే విరుగుతుందన్నారు. అప్పటిగ్గానీ దానికి అర్థం కాలేదు. అరవడం ఆపేసింది. నా మొహంలోకి చూస్తూనే ఉంది, రెండో చెయ్యి అయ్యేదాకా.

మధ్యాహ్నం అన్నం కలిపి ముద్ద నోటి దగ్గర పెట్టాను. నమిలి, నా మొహాన ఉమ్మింది. కడుక్కుని రెండో ముద్ద కలిపాను. అదీ ఉమ్మింది. మూడోది మింగింది. ఆకలి అలాంటిది.

మాఘ బహుళ ద్వాదశి

దిబ్బ మీద నూకరాజుకి ఎవరూ మంచినీళ్ళు పొయ్యరు, ఎవరూ పలకరించరు. ప్రాణం బాకీ ఉన్నవాడితో అలాగే ఉంటాం. కారణం వాడికి బుల్లియ్య చెప్పాడట: "ముందు వంగి రా. మాది అంతే."

ఈ ఉదయం వచ్చాడు. మా వాకిట్లో నిలబడ్డాడు. పెదవులు పగిలి ఉన్నాయి. ప్రసూన గుమ్మంలో కూర్చుని ఉంది, చేతులు రెండూ ఒళ్ళో పడేసుకుని.

"వంగడానికి వచ్చాను," అన్నాడు.

"చేతులు పడిపోయాయని తెలిసి వచ్చావా, మగాడివే!" అంది.

"అవును. చేతులున్నప్పుడు రావడానికి భయమేసింది."

అబద్ధమాడలేదు. అది నేను గమనించాను.

"మీ నాన్న పీపాలు వదిలి పక్కకి జరుగుతాడనుకున్నాను. జరగలేదు. మా పడవలో తాగడానికి నీళ్ళు లేక అప్పటికి ఇద్దరు పిల్లలు పోయారు. అది చెప్పుకోవడానికి రాలేదు. వంగుతున్నాను."

మోకాళ్ళ మీద కూర్చుని, చేతులు వెనక్కి కట్టుకుని తల వంచాడు. ప్రసూన లేచింది. వాడి చుట్టూ ఒకసారి తిరిగింది. కాలితో తంతుందేమో అనుకున్నాను. వంగి, వాడి మెడ మీద మొహం పెట్టి, కరిచింది.

వాడు అరిచాడు గాని చేతులు విడదీయలేదు. తొయ్యబోయినా వాడి చెయ్యి దీని మీద లేచినట్టే; డేగ వాణ్ణి చంపేది. డేగ కిందికి దిగి మా వాకిట్లో నా ఎత్తున నిలబడి చూసింది. దాని కింద అద్దంలో మా ముగ్గురం కనబడ్డాం. చేతులు వెతికింది. వాడివి వెనక ఉన్నాయి, దీనివి వేలాడుతున్నాయి. వెళ్ళిపోయింది.

ప్రసూన తల పైకెత్తింది. వాడి కుడి చెవి దీని నోట్లో ఉంది. నేల మీద ఉమ్మేసింది. గడ్డం నుంచి రక్తం రొమ్ముల మీదికి కారుతోంది. వాడు చెవి ఉన్నచోటు నేలకి అదిమిపెట్టి మూలుగుతున్నాడు.

నేను కళ్ళారా చూసినది రాస్తున్నాను: గొంతు నరం దాని పెదవులకి చెవికన్నా దగ్గరగా ఉంది. పళ్ళు ముందు అక్కడే ఆనాయి. అక్కణ్ణుంచి తీసి, చెవి పట్టుకుంది.

మాఘ బహుళ త్రయోదశి

కౌండిన్య వచ్చాడు. ముందు నూకరాజుని అడిగి వచ్చాడు.

"కుక్క కరిచిందంటున్నాడమ్మా. ఈ దిబ్బ మీద కుక్కల్లేవు కదా?"

"లేవు," అన్నాను. నాకు అబద్ధం చేతకాదు. "నా మనవరాలు కరిచింది."

ఆయన నిట్టూర్చి, సంచిలోంచి కాయితం తీశాడు. "నోటికి కూడా కట్టు ఉందమ్మా. దవడ బిగుసుకుంటుంది. గొట్టంతో గంజి పొయ్యచ్చు. ఆమె మంచికే. రేపు ఇంకెవర్నైనా కరిస్తే చేతులతో పని లేదు, పేరు పెట్టి మరీ డేగకి అప్పగిస్తారు. ఆ దాకా రానివ్వకండి. ఇంటిపెద్ద సంతకం."

ప్రసూన గుమ్మంలోనే ఉంది. నన్ను బతిమాలలేదు. నా వైపు చూడనైనా లేదు. పెడతాననే అనుకుంది.

"దాని తరవాత కాళ్ళకి ఉందా?" అని అడిగాను.

"ఉందమ్మా," అన్నాడు. ఆయనా అబద్ధమాడడు.

"దానికి వాడి గొంతు దొరికింది బాబూ. వదిలేసింది. మీ డేగకి అది కనబడదు. నాకు కనబడింది. ఈ కాయితం మీద నేను సంతకం పెట్టను. చేతికట్టు తీసెయ్యడానికి కాయితం ఏదైనా ఉంటే ఇవ్వండి, అది పెడతాను."

"వేసిన చేతికట్టు విప్పాలంటే ఆ ఇల్లు ఒప్పందంలోంచి బయటికి పోవాలి. రాళ్ళ అవతల ఉండాలి. అక్కడ మీ తల మీద డేగ తిరగదు. సముద్రం మీద మూకలు ఇంకా ఉన్నాయి. తెలిసే మాట్లాడుతున్నారా?"

"ఒప్పందం రాయించినదాన్ని. మీకన్నా బాగా తెలుసు."

"మీరే అందరికీ నచ్చజెప్పి చేర్పించారు నాంచారమ్మ గారూ."

"మిగిలిన ముప్పై ఇళ్ళకీ అది మంచిదే. ఉండనివ్వండి."

ఆయన వెళ్ళాక ప్రసూనని అడిగాను. "వాడి బాకీ తీరిందా?"

"తీరలేదు."

"చంపుతావా?"

"తెలీదు. మనం బయటికి పోయాక వాడు రాయి దాటి వస్తే తెలుస్తుంది."

"నువ్వే రాయి దాటి వాడి కోసం లోపలికి వెళ్తే?"

"అప్పుడు నువ్వు ఏడవాలి."

"సరే," అన్నాను.

ఫాల్గుణ శుద్ధ తదియ

రాళ్ళ అవతల పాత ఉప్పు గిడ్డంగిలో ఉంటున్నాం. తలుపు లేదు. బుల్లియ్య రాయి దాకా వచ్చి ఒక పీపా నీళ్ళు దొర్లించి వెళ్ళాడు. నూకరాజు కూడా ఒకసారి దూరంగా కనబడ్డాడు, తల చుట్టూ గుడ్డతో. రాయి దాటలేదు.

ప్రసూన చేతుల్లో కదలిక, విరుగుడు మందు ఎక్కించిన మూడో రోజున వచ్చింది. ముందు వేళ్ళు. సూదులు గుచ్చుతున్నట్టుందని పళ్ళు బిగించి ఏడ్చింది. ఈ ఉదయం తన ముద్ద తనే కలుపుకుంది. సగం నేల మీద పడింది. నేను సాయం చెయ్యబోతే చేతిమీద కొట్టింది. మెత్తగానే. ఏమీ కాలేదు. ఇద్దరం పైకి చూశాం, అలవాటు కొద్దీ. ఆకాశం ఖాళీగా ఉంది.

అన్నం అయ్యాక పార తెచ్చి దాని ముందు పెట్టి, వంగాను.

"ఏంటిది?" అంది.

"నీ చేతులు తీసుకున్నాను. నిన్ను అడగకుండా తీసుకున్నాను. అది ఏ పద్దులో పడుతుందో నీకు తెలుసు."

"నీకు డెబ్భై ఒకటి నాయనమ్మా."

"వయసు చూసి తగ్గించే పద్ధతి మనకి లేదు. కర్ర గట్టిగా పట్టుకో. చేతులు ఇంకా బలహీనంగా ఉన్నాయి, జారితే తల మీద పడుతుంది."

తగ్గించలేదు. ఎడమ వైపు రెండు పక్కటెముకలు విరిగినట్టున్నాయి. ఊపిరి పైకి తీస్తే తెలుస్తోంది. కొట్టి, పార పారేసి, నన్ను పట్టుకుని పడుకోబెట్టింది. చీర చింపి కట్టు కట్టింది. ఆ పని జరిగినంతసేపూ నన్ను తిట్టింది. నాకు తెలియని తిట్లు కూడా ఉన్నాయి వాటిలో. ఎక్కడ నేర్చుకుందో అడగాలి.

ఇప్పుడు ఎండ వాలుతోంది. అది పార పట్టుకుని గట్టు మీద కూర్చుంది. సముద్రం మీద రెండు తెరచాపలున్నాయట. ఇటే వస్తున్నాయంది. ఎవరివో ఇక్కణ్ణుంచి తెలియదు.

"నీళ్ళడగడానికి వస్తే ముందు అడగనియ్యి," అని అరిచాను.

"అడక్కపోతే?"

లేచి కూర్చోవడానికి రెండుసార్లు ప్రయత్నించాను. రెండోసారి లేవగలిగాను. కూరగాయలు తరిగే కత్తిపీట పట్టుకుని గోడ పట్టుకుంటూ దాని దగ్గరికి వెళ్తున్నాను.